పండుగ దాటినంక తంగేడును కొట్టకండి
చిట్యాల మండల ప్రజలకు, గ్రామ పంచాయతీలకు మనవి

మంచు కురిసే దేశాల్లో చలికాలం పూలపొదలకు గోనెపట్టాలు కప్పి కాపాడుకుంటారు. మన చలికి తంగేడు చావదు. దాని చావు సద్దుల బతుకమ్మ దాటినంక వస్తుంది: బాటల వెంట జేసీబీ, గెట్ల మీద గడ్డిమందు, వరి కోసినంక కొయ్యకాళ్లకు పెట్టే నిప్పు. 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్న పువ్వు ఇది. పండుగ తొమ్మిది రోజులూ చేతికందినదల్లా తెంపుకుంటాం. అది పండుగ పువ్వే, తప్పులేదు. కానీ తెంపిన పువ్వు కాయ కాదు. విత్తనం కావలసింది ఆ తర్వాత పూసే పువ్వులే. అవి చదునైన పలచని కాయలై, గోధుమరంగుకు తిరిగి, లోపల గింజ గలగలమనేసరికి చలికాలం గడుస్తుంది. ఆలోపు పొద కొట్టేస్తే ఆ ఏటి విత్తనం పోయినట్టే. మొదలు మళ్లీ చిగురిస్తుంది కదా అంటారు. గొడ్డలి వేటుకు చిగురిస్తుంది, నిజమే. గడ్డిమందు వేరుదాకా దిగితే చిగురించదు, లేత మొలక నిప్పుకు నిలవదు. ఇప్పటికే బతుకమ్మకు తంగేడును అంగట్లో కొనేవాళ్లున్నారు.

నష్టం పండుగతో ఆగదు. తంగేడు పువ్వులో తేనె లేదు, పుప్పొడే ఉంది. తుమ్మెద పువ్వును కరుచుకుని ఒళ్లంతా ఝుమ్మని అదిరిస్తే తప్ప అది రాలదు. వంగ, టమాట పూతకు మేలు చేసేదీ ఆ అదురే. తుమ్మెదకు మేత కరువైతే కూరగాయల రైతుకూ నష్టమే.

పొదల్లో పాములుంటాయన్న భయం ఉత్తది కాదు. ఇళ్ల పక్కన, బాట మలుపుల్లో కొట్టవలసిందే. చెరువు కట్ట మీదా వద్దు, వేళ్లు కట్టను గుల్ల చేస్తాయి. మిగిలిన గెట్లు, బంజర్లు, బాటల అంచులు చాలు. పత్తికి పురుగు వస్తుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు: గులాబీ రంగు పురుగు మిగిలేది పత్తి కట్టెలో, విచ్చని కాయల్లో. పీకవలసింది ఆ కట్టెను. దాన్ని తెచ్చి తంగేడు మొదట్లో కుప్పవేసి కాల్చకండి.

ప్రతి గ్రామసభా ఒక తీర్మానం చేయాలి: సద్దుల నుంచి శివరాత్రి దాకా తంగేడు మీద కత్తి, మందు, నిప్పు పడొద్దు. 2018 పంచాయతీరాజ్ చట్టం పచ్చదనానికి బడ్జెట్‌లో పదో వంతు కేటాయించమంటోంది, ఊరూరా నర్సరీ ఉంది. మహిళా సంఘాలు ఎండిన కాయలు ఏరి ఇస్తే, గింజ తోలు గట్టిది కనుక వేడినీళ్లలో నానబెట్టి ఎండాకాలంలో సంచుల్లో పెట్టొచ్చు. తొలకరికి నాటే మొక్కల్లో తంగేడుకూ వాటా అడగండి.