తెలుసుకోవడం వేరు, ఆరా తీయడం వేరు

"మీరు తెలుగు ఇంత చక్కగా ఎలా మాట్లాడుతున్నారు?" కోస్తా, రాయలసీమ జిల్లాల నుంచి హైదరాబాదు వచ్చి ఉద్యోగాల్లో చేరిన ముస్లిం యువతీయువకులు తరచూ వినే ప్రశ్న ఇది. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలు ఆ ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్నాయని అడిగినవారికి తెలియకపోవడం నేరం కాదు. చెప్పిన తర్వాత కూడా నమ్మకపోవడమే బాధాకరం.

పనిచేసే చోట కుతూహలం చెడ్డది కాదు. పక్కన కూర్చున్న మనిషి ఉపవాసం ఎందుకు పాటిస్తాడో, జుమా నమాజు ఎంతసేపు ఉంటుందో అడిగి తెలుసుకునేవారు మిత్రులే. కాని ఎక్కడో ఒక దుర్ఘటన జరిగిన మర్నాడు "దీనికి మీవాళ్లేమంటారు?" అని అడిగేవారు తెలుసుకోవడానికి అడగడం లేదు, పరీక్ష పెడుతున్నారు. మొదటి ప్రశ్నకు జవాబిస్తే పరిచయం పెరుగుతుంది. రెండోదానికి ఏ జవాబిచ్చినా అనుమానమే మిగులుతుంది.

ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా ఈ తేడాను స్పష్టం చేస్తుంది. 11వ ఆయతు ఎగతాళిని, వంకర పేర్లతో పిలవడాన్ని నిషేధిస్తుంది. 12వ ఆయతు దురనుమానాన్ని, ఇతరుల గుట్లు వెతకడాన్ని, పరోక్షనిందను వారిస్తుంది. ఆ వెంటనే 13వ ఆయతు, మానవులు జాతులుగా, తెగలుగా ఉన్నది పరస్పరం తెలుసుకోవడానికేనని బోధిస్తుంది. ముందు గౌరవపు హద్దులు, తర్వాత పరిచయం. ఈ వరుస ఏ కార్యాలయానికైనా పనికివచ్చేదే.

ఐదుగురు పనిచేసే చోట ఈ మర్యాద వ్యక్తుల మంచితనం మీద నడిచిపోతుంది. సిబ్బంది యాభైమంది అయ్యేసరికి ఎవరూ రాయని ఆనవాయితీలే నియమాలవుతాయి. శుక్రవారం నమాజు వేళకే సమావేశం, రమజాన్ మాసంలో మధ్యాహ్న విందు వంటివాటిని ఎవరూ ద్వేషంతో నిర్ణయించి ఉండకపోవచ్చు. అయినా ప్రతిసారీ మినహాయింపు అడగవలసినవారు మాత్రం మారరు. అడిగి అడిగి అలసినవారు చివరికి అడగడమే మానేస్తారు, న్యాయంగా రావలసిన పదోన్నతితో సహా.

ఇది గడప దాటి లోపలికి వచ్చినవారి సంగతి. గడప దగ్గరే ఆగిపోయేవారి మాటేమిటి? సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సమాన అర్హతలతో ప్రైవేటు కొలువులకు పంపిన దరఖాస్తుల్లో ముస్లిం పేర్లున్నవాటికి అగ్రవర్ణ హిందూ పేర్లున్నవాటికంటే తక్కువ పిలుపులు వచ్చాయి. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది. వికలాంగుల విషయంలో ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 2016 నాటి చట్టం 21వ సెక్షన్ ఆదేశిస్తోంది. మతం విషయంలో ప్రైవేటు యాజమాన్యాలపై అలాంటి చట్టబద్ధ బాధ్యత లేదు. సచార్ కమిటీ 2006లోనే సిఫారసు చేసిన సమాన అవకాశాల కమిషన్ నేటికీ ఏర్పడలేదు.

చట్టం వచ్చేదాకా యాజమాన్యాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. రమజాన్‌లో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం గంట ముందుగా వెళ్లేందుకు తెలంగాణ ప్రభుత్వం అనుమతిస్తోంది. దానివల్ల పరిపాలన ఆగిపోలేదు. సమావేశాల వేళలు అందరినీ సంప్రదించి నిర్ణయించడం, ఇంటర్వ్యూలో మతం ప్రస్తావన తేకుండా చూడడం, అవమానం జరిగితే ఫిర్యాదు ఎవరికి చేయాలో లిఖితపూర్వకంగా ప్రకటించడం ఖర్చులేని పనులు.

ఈ బాధ్యత మనకూ ఉంది. దూదేకుల సోదరులను "ఉర్దూ రాని ముస్లిములు" అని చిన్నచూపు చూసేవారు, మన దుకాణంలో పనికి చేరిన దళిత యువకుడి కులం ఆరా తీసేవారు, బయట గౌరవం కోరే నైతిక హక్కును పోగొట్టుకుంటారు. మనం కోరుతున్నది దయ కాదు, అందరికీ ఒకే కొలత. ఆ కొలతను మన గడప లోపల కూడా పాటించినప్పుడే, ఎదుటివారి ముందు ఆ కోరికను నిస్సంకోచంగా ఉంచగలం.