ఆఫీసు ఇంటర్నెట్‌కు లిఖిత నియమం

భూపాలపల్లి జిల్లాలో 2016లో మండల కేంద్రమైన టేకుమట్ల వంటి చోట కూడా మీసేవ కేంద్రం మొదలుకొని ఎరువుల దుకాణంలోని ఈ-పాస్ మిషన్ దాకా నేడు నెట్ లేనిదే పని నడవదు కనుక, ఆఫీసు ఇంటర్నెట్‌ను ఎవరు, ఏ మేరకు అదుపు చేయాలన్న ప్రశ్న హైదరాబాదు కంపెనీలకే పరిమితం కాదు. చిన్న సంస్థల్లో ఈ అధికారం తరచుగా రౌటర్ పాస్‌వర్డ్ తెలిసిన ఒకే ఉద్యోగి చేతిలో ఉంటుంది.

అదుపు అవసరమే. పదిమంది పంచుకునే కనెక్షన్‌లో ఒకరు సినిమా డౌన్‌లోడ్ చేస్తే మిగిలినవారి పని నిలిచిపోతుంది. మోసపు లింకు ఒక్కటి తెరిచినా ఖాతాల ఫైళ్లన్నింటికీ తాళం పడే ప్రమాదం ఉంది. అందుకే లోపలి నెట్‌వర్క్‌కూ బయటి ఇంటర్నెట్‌కూ నడుమ రాకపోకలను తనిఖీ చేసే ఫైర్‌వాల్‌నూ, సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే దశలోనే హానికరమైన పేర్లను నిరాకరించే డీఎన్‌ఎస్ వడపోతనూ వాడతారు. కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు కంపెనీలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను, అంటే వాటిలో జరిగిన కార్యకలాపాల నమోదులను, 180 రోజులు భద్రపరచాలనీ, నిర్దేశించిన సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలనీ చెబుతున్నాయి.

అయితే ఈ నమోదులే ఉద్యోగి అంతరంగాన్ని బయటపెట్టగలవు. హెచ్‌టీటీపీఎస్ గుప్తీకరణ పేజీలోని విషయాన్ని దాచినా సైటు పేరు సాధారణంగా తెలిసిపోతుంది. ఆ పేరును బట్టి ఒకరి జబ్బును, అప్పును, వేరే ఉద్యోగం కోసం చేసే వెతుకులాటను ఊహించవచ్చు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ప్రకటించింది. మరి కొద్ది రోజులకే, సెప్టెంబరు 5న, రుమేనియాకు చెందిన బర్బులెస్కు కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం, నిఘా స్వభావాన్నీ పరిధినీ ముందుగా తెలపకుండా యజమాని ఉద్యోగి సందేశాలను చదివిన సందర్భంలో అతని హక్కుకు రక్షణ లభించలేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మన దేశంలో చెల్లకపోయినా అందులోని న్యాయం ఇక్కడికీ వర్తిస్తుంది.

కాబట్టి ప్రతి చిన్న సంస్థా ఏ సైట్లను ఎందుకు నిరోధిస్తున్నదో, లాగ్‌లను ఎంతకాలం ఉంచుతుందో, వాటిని ఎవరి అనుమతితో ఎవరు చూడవచ్చునో, పొరపాటున మూసిన సైటును తెరిపించుకోవడానికి ఎవరిని అడగాలో తేట తెలుగులో ఒక పుటలో రాసి, ఉద్యోగులందరికీ ముందే ఇవ్వాలి. ఆ నియమం యజమానికీ, పాస్‌వర్డ్ ఉన్న ఉద్యోగికీ సమానంగా వర్తించాలి. చెప్పకుండా సాగే నిఘా ఎంత చిన్న ఆఫీసులోనైనా అన్యాయమే.