కూలగొట్టించే ఫొటో వద్దు, నిలబెట్టే ఫొటో తీయండి

ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట తీరప్రాంతంలో ఒక ఊరి పాత చావిడి ఫొటో తీసి పేపర్లో వేశాం. గోడ మీద రావిమొక్క, ముందు వసారాలో జారిపోయిన పెంకులు, లోపల ఎవరిదో గేదె. ఫొటో కింద వాక్యం నేనే రాశాను. 'శిథిలావస్థలో గ్రామ చావిడి, పట్టించుకోని అధికారులు' అని. మంచి పని చేశాననే అనుకున్నాను. నిజంగానే పట్టించుకున్నారు. మూడు వారాల్లో పొక్లెయిన్ వచ్చింది. ప్రమాదకరంగా ఉందని పేపర్లోనే వచ్చింది కదా అంటూ ఒక్క పూటలో నేలమట్టం చేసి వెళ్లారు. దూలాలు, తలుపులు ఎవరి ఇంటికి చేరాయో తెలియదు. కొత్త భవనం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఏడాది కోతలప్పుడు అటువైపు వెళితే ఒక పెద్దాయన రోడ్డు పక్కన బరకం సర్దుకుంటూ నన్ను గుర్తుపట్టాడు. "నువ్వు ఫొటో వేశావు, వాళ్లు చావిడి పీకారు. ఇప్పుడు వానొస్తే నా బస్తాలు నీ ఫొటో కింద పెట్టుకోనా అబ్బాయ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

చావిడి గోడలు జానెడుకు పైగా మందం. పునాది ఎక్కడా కుంగలేదు. పోయింది కప్పు ఒక్కటే. అవేవీ నేను ఫొటో తీయలేదు. పగులు తీశాను, చెట్టు తీశాను.

ఇప్పుడు ప్రతి ఊళ్లో ప్రతి కుర్రాడి చేతిలో ఫోనుంది. వెనుకట్లా రీలు కొని, టౌనుకు పంపి కడిగించాల్సిన పని లేదు. పాడుబడ్డ భవనాల ఫొటోలు చాలానే తీస్తున్నారు. కానీ అన్నీ నేను తీసిన లాంటివే. గబ్బిలాలు, బీటలు, విరిగిన కిటికీ. చూసేవాడు అయ్యో అంటాడు, అంతే. అధికారి చూస్తే ప్రమాదం అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. కూలగొట్టమని సంతకం పెడితే ఎవరూ అడగరు. ఉంచమని సంతకం పెట్టి రేపు పెచ్చు ఊడి పడితే ఆయన ఉద్యోగం మీదికొస్తుంది. కాబట్టి ఆయన ఏం చేస్తాడో వేరే చెప్పాలా?

ఊరి ఆస్తి ఊళ్లోనే ఉంది

మన ఊళ్లలో ఖాళీగా పడి ఉన్న భవనాలు ఎన్ని రకాలో ఒకసారి లెక్కేయండి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. మరుసటేడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. దాంతో చావిడికి పని తప్పింది. తర్వాత సమితుల కాలం నాటి క్వార్టర్లు, సొసైటీ పాత ఎరువుల గోదాములు. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని హైస్కూళ్లకు పంపినప్పుడు చాలాచోట్ల ఖాళీ అయిన బడి గదులు. బిల్లులు రాక స్లాబు దగ్గరే ఆగిన కొత్త భవనాలు కూడా ఉన్నాయి. వాటిలో తుమ్మచెట్లు మొలుస్తున్నాయి. పాతవే పాడుబడతాయని ఏమీ లేదు.

ఇక రెండోవైపు చూడండి. కోత మిషన్ పొలంలోంచి ధాన్యం నేరుగా ట్రాక్టరులో పోస్తుంది. తేమ ఇరవై శాతం పైనే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే ఒప్పుకోరు. ఆరబెట్టడానికి రోడ్డు తప్ప గతి లేదు. ఆరిన తర్వాత పెట్టుకోవడానికి ఇంట్లో చోటు లేదు. మబ్బు కనిపిస్తే చాలు, దళారీ చెప్పిందే ధర. 2025-26లో సాధారణ రకం క్వింటాలుకు మద్దతు ధర 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు 1,777 రూపాయల దాకా రావాలి. వాన భయంతో బస్తాకు వంద తగ్గించి ఇచ్చారనుకోండి, ఎకరానికి 30 బస్తాలు పండిన రైతు మూడు వేలు పోగొట్టుకున్నట్టే. కౌలు రైతుకైతే ఆ మూడు వేలే మిగులు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు బరకాల కింద ధాన్యం ఏమైందో ఈ పేజీ చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

సహకార రంగంలో పెద్ద ఎత్తున గోదాములు కట్టాలని 2023 మేలో కేంద్రం ఒక పథకం ఆమోదించింది. మంచిదే. అవి వందల, వేల టన్నుల గోదాములు. రెండెకరాల రైతుకు కావలసింది ఇంటికి కూతవేటు దూరంలో, పది రోజులో నెల రోజులో తలదాచుకునే ఒక గది.

ఒక గదిలో ఎంత పడుతుందో లెక్క వేశాను. 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న గది తీసుకోండి. గోడలకు చుట్టూ రెండడుగులు వదలాలి, నడవడానికి దారి ఉంచాలి. ఎనిమిది అడుగుల ఎత్తు వరకూ నెట్టు వేస్తే 200 బస్తాల దాకా పడతాయి. అంటే ఏడెకరాల పంట. ఊరందరికీ చాలదు. ఎవరికి ముందు అన్న తగాదా అక్కడే పుడుతుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఫొటో ఎలా తీయాలి

ఒంటరిగా లోపలికి వెళ్లకండి. వేలాడే పెచ్చుల కింద నిలబడకండి. పాములుంటాయి, చేతికర్రతో అలికిడి చేసి వెళ్లండి. పిల్లల్ని అసలు రానివ్వకండి.

ముందు బయట నాలుగు మూలల నుంచి భవనం మొత్తం పడేలా తీయండి. పక్కన ఒక మనిషిని నిలబెడితే ఎత్తు ఎంతో తెలుస్తుంది. తర్వాత బాగున్నవి తీయండి. నిటారుగా ఉన్న గోడ, కుంగని పునాది, చెదలు పట్టని దూలం, గట్టి ద్వారబంధం. దూలం నడిమి బాగుందని మురిసిపోవద్దు. గోడలోకి దూరిన కొసలే ముందు పుచ్చుతాయి. అక్కడ మొలతో పొడిచి చూసి, దిగిందో లేదో అదీ ఫొటో తీయండి.

బీట ఉంటే దాచకండి. పక్కన స్కేలు పెట్టి తీయండి. బీటకు అడ్డంగా ఒక కాగితం ముక్క గట్టిగా అతికించి, దాని మీద తేదీ వేయండి. ఒక వానాకాలం గడిచాక అదే చోట నిలబడి మళ్లీ తీయండి. కాగితం చిరిగితే బీట ఇంకా కదులుతున్నట్టు. చిరగకపోతే అది ఎప్పటిదో పాత బీట. ఇంజినీరు గారికి ఈ రెండు ఫొటోలు పక్కపక్కన చూపిస్తే మీ మాటకు విలువ వస్తుంది.

అన్నిటికన్నా పనికొచ్చేది వాన పడుతుండగా గుమ్మంలో నిలబడి తీసిన ఫొటో. నీళ్లు ఎక్కడ కారుతున్నాయో అక్కడే మరమ్మతు. మిగతా కప్పంతా మార్చాలన్న అంచనా ఎవరైనా వేస్తే, ఆ ఫొటో చూపించి ఎందుకని అడగొచ్చు.

చివరిగా రోడ్డు మీదకు రండి. అదే ఊళ్లో, అదే వారంలో, బరకం కింద ఉన్న బస్తాలను తీయండి. భవనం ఫొటో పక్కన ఈ ఫొటో పెట్టండి. నేను ఆనాడు తీయనిది ఇదే.

కింద రాసే మాట కూడా జాగ్రత్త. 'శిథిలం' అని రాయకండి. 'గోడలు గట్టిగా ఉన్నాయి, కప్పు కావాలి, ఫలానా రైతులకు అవసరం' అని రాయండి.

ఫొటోలో ఎలా చూపించినా నిలబడని భవనాలూ ఉంటాయి. స్లాబు కింద చువ్వలు తుప్పు పట్టి బయటికి వేలాడుతుంటే, స్తంభాలు చీలితే, అక్కడ పట్టుదలకు పోవద్దు. పంచాయతీరాజ్ ఇంజినీరు కూల్చాలంటే కూల్చాల్సిందే. ప్రాణం కన్నా ధాన్యం ఎక్కువ కాదు.

మన దివిసీమ సంగతి వేరు

1977 నవంబరు 19 ఉప్పెనలో పది వేల మంది దాకా పోయిన తర్వాత మన తీరంలో తుపాను షెల్టర్లు లేచాయి. 1990 మే తుపాను నాటికి జనాన్ని ముందే లక్షల్లో తరలించగలిగారు. నష్టం పెద్దదే అయినా మృతులు వెయ్యి లోపే. వాటిలో పాతవి ఇప్పుడు చూడండి. ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పైకి సున్నం కొడితే బీట కనపడదు కానీ తుప్పు ఆగదు. చీలిన కాంక్రీటు తీసి, ఇనుము గీకి, మందు పూసి, మళ్లీ కప్పాలి. అది తెలిసినవాళ్లతో చేయించే పని.

బాగుచేశాక వాటిని మహిళా సంఘాలకో, కుట్టు శిక్షణకో, రైతుల సమావేశాలకో వాడుకోవచ్చు. నిండా బస్తాలు మాత్రం పేర్చకండి. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి మనుషులు ఎక్కాల్సిన చోట ధాన్యం ఉంటే ఎవరు దించుతారు? పైగా మేడ మీద గదికి అంత బరువు మంచిది కాదు. ఎనిమిది అడుగుల నెట్టు అంటే ప్రతి చదరపు మీటరు మీద టన్నుకు పైగా బరువు. ఏ భవనంలోనైనా ధాన్యం నేల మీదే, చెక్కలు పరిచి పెట్టాలి.

పాత చావిళ్లకు ఇంకో మాట. సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూయకండి. కొత్తలో అద్దంలా ఉంటుంది. నేల నుంచి ఎక్కిన చెమ్మ బయటికి పోలేక లోపలే నిలిచి, ఆ పూత పొరలుగా ఊడుతుంది. గోడ పక్క బస్తాలకు బూజు పడుతుంది. గానుగలో ఆడించిన డంగుసున్నం, అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపే పద్ధతి ముసలి మేస్త్రీలకు ఇంకా గుర్తుంది. వాళ్లుండగానే నేర్చుకోవాలి. రావిమొక్కను పీకితే ఇటుకలు కూడా వస్తాయి. పైన నరికి, వేరును చంపి, ఆ తర్వాతే సందు పూడ్చాలి.

గది బాగైందని పచ్చిధాన్యం తెచ్చి పోయకండి. వేడెక్కి ముక్కిపోతుంది. నాలుగు రోజులకైతే 17 శాతం, నెలలకైతే 14 శాతం లోపు ఆరాలి. పురుగుమందులు అదే గదిలో పెట్టరాదని మీకు తెలుసు.

తాళం ఎవరి దగ్గర?

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన పాత మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబరులో మళ్లీ తెరిచారు. అది మహానగరం, అక్కడ సంస్థలున్నాయి, డబ్బుంది, మన ఊరికి పోలికేమిటని అంటారు. నిజమే. కానీ మన దగ్గర భవనాలు పాడయ్యింది డబ్బు లేక మాత్రమే కాదు. రోజూ తలుపు తీసేవాడు లేక. పెంకు జారిన రోజే ఎక్కి సర్దితే దూలం పుచ్చేది కాదు.

బాగుచేసిన మరుసటేడు ఇంకో ప్రమాదం ఉంది. ఊళ్లో పలుకుబడి ఉన్నాయన తన వంద బస్తాలు పెట్టి తాళం జేబులో వేసుకుంటాడు. చిన్న రైతు మళ్లీ రోడ్డు మీదే. నేను ఇది చూశాను. అందుకే మరమ్మతుకు ముందే గ్రామసభలో తీర్మానం రాయించుకోండి. ముందు ఆ భవనం పంచాయతీదా, రెవెన్యూదా, విద్యాశాఖదా, సొసైటీదా అని కార్యదర్శి దగ్గర ఆస్తుల రిజిస్టరు చూడండి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది, దరఖాస్తు పెట్టండి. సొంతదారు శాఖ రాతపూర్వకంగా ఇవ్వనిదే ఒక్క ఇటుక కూడా పెట్టకండి. మీరు చందాలు వేసుకుని బాగుచేశాక ఖాళీ చేయమంటే ఏం చేస్తారు?

తీర్మానంలో ముందు కౌలు రైతులు, రెండున్నర ఎకరాల లోపు వాళ్లు అని రాయండి. ఒక్కొక్కరికి ఎన్ని బస్తాలు, ఎన్ని రోజులు, బస్తాకు ఎంత, ఆ డబ్బు ఎవరి దగ్గర ఉండాలి, అన్నీ రాయండి. తాళంచెవులు రెండు చేయించి ఒకటి పంచాయతీలో, ఇంకొకటి రైతుల్లో ఒకరి దగ్గర ఉంచండి. ఆ ఒకరు ఆడవాళ్లయితే ఇంకా మంచిదని నా అభిప్రాయం, లెక్క తప్పదు.

కొత్తది కట్టించుకుంటే పోలా, పాతదానికి ఈ తంటా ఎందుకు అని మా ఆఫీసులోనే ఒకాయన అన్నారు. పునాది దగ్గర ఆగిన కొత్తవాటిని మన మండలాల్లో ఎన్ని చూడలేదు? రావలసిన కొత్తది వస్తుంది, వచ్చినప్పుడు తీసుకుందాం. ఈ కోతలకు మాత్రం అది రాదు.

మీ ఊళ్లో తీసిన ఫొటోలు మా విలేకరులకు ఇవ్వండి. భవనంది ఒకటి, రోడ్డు మీది బస్తాలది ఒకటి, రెండూ ఇవ్వండి. వెనక ఊరి పేరుతో పాటు, అది బాగుపడితే ఎంతమంది రైతులు వాడుకుంటారో ఆ సంఖ్య రాయండి. ఈసారి ఫొటో కింద వాక్యం రాసే ముందు మిమ్మల్ని అడిగే రాస్తాను.