ముఖం మీద సూదుల రోలరు: ఇంట్లో తిప్పుకోవచ్చునా?

మొటిమల మచ్చలకు ఇంట్లోనే సూదుల రోలరు వాడుకోవచ్చునా అని ఈమధ్య చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. ఆడపిల్లలే కాదు, మగపిల్లలూ అడుగుతున్నారు. కొందరు అడగకుండానే వాడేసి, ముఖం ఎర్రగా కమిలిపోయిన తర్వాత చున్నీ కప్పుకొని ఓ.పి.కి వస్తున్నారు. "వద్దమ్మా" అని ఒక్కమాట చెప్పి పంపవచ్చు. అయితే ఎందుకు వద్దో చెప్పకపోతే ఆ మాట గేటు దాటేలోపలే మరచిపోతారు. అందువల్ల ఈసారి ఈ పేజీలో కాస్త వివరంగానే రాస్తున్నాము.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇది నాటువైద్యం కాదు, మోసమూ కాదు. చర్మవ్యాధుల డాక్టర్లు నిజంగా చేసే చికిత్సే. గోడకు రంగువేసే రోలరును బొటనవేలంత చేస్తే ఎలా ఉంటుందో ఈ పరికరం అలా ఉంటుంది. దాని చుట్టూ సన్నని సూదులు ఉంటాయి. డాక్టర్లు వాడే మామూలు రోలరులో 192 సూదులు. మొటిమ లోపల చీముపట్టి మానినప్పుడు చర్మం కింది పొరలో ఉండే కొలాజెన్ పోగులు దెబ్బతింటాయి, పైన గుంట పడుతుంది. సూదులతో ఆ పొరలో సన్నని గాయాలు చేస్తే, వాటిని మాన్పుకోవడానికి శరీరం కొత్త కొలాజెన్ తయారుచేస్తుంది. గుంట కొద్దికొద్దిగా పూడుతుంది. ఇది వారంలో అయ్యే పని కాదు, నెలలు పడుతుంది.

ఈ ఉపాయం పచ్చబొట్టు సూదితో మొదలైందంటే మన పెద్దమ్మలు నమ్ముతారో లేదో! 1997లో కామిరాండ్, డూసె అనే ఇద్దరు, రంగు లేకుండా పచ్చబొట్టు మిషనుతో మచ్చలను పొడిస్తే అవి మెత్తబడుతున్నాయని రాశారు. తర్వాత దక్షిణాఫ్రికాకు చెందిన ప్లాస్టిక్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెస్ సూదులను రోలరు రూపంలోకి తెచ్చాడు. మన దేశంలో కాశ్మీరుకు చెందిన డాక్టర్ ఇమ్రాన్ మజీద్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స పూర్తిచేసుకున్న 36 మందిలో ఎక్కువమందికి గుంటలు బాగా తగ్గాయి. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాలకు కొన్నిరకాల లేజర్లకంటే దీనివల్ల నల్లమచ్చలు పడే భయం తక్కువని కూడా డాక్టర్లు చెబుతారు.

మరి మంచిదే అయితే ఇంట్లో చేసుకుంటే తప్పేమిటి? ఇదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు సూది పొడవులో ఉంది. ఇంట్లో వాడుకోవడానికని అమ్మే రోలర్లలో సూది పావు మిల్లీమీటరు, అంతకంటే కొంచెం అటూఇటూ ఉంటుంది. అది పై పొరను గీరుతుందే తప్ప గుంట ఉన్న లోతుకు దిగదు. గుంటలు పూడాలంటే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు, కొన్నిచోట్ల ఇంకా లోతుకు దిగాలి. అంత దిగితే ముఖమంతా రక్తపు చుక్కలు వస్తాయి. ముందు మొద్దుబారే మందు రాయాలి, శుభ్రమైన గది కావాలి, కంటి దగ్గర, ఎముక మీద ఎంత ఒత్తాలో తెలిసిన చెయ్యి కావాలి. అంటే ఇంట్లో భయం లేకుండా వాడగలిగే సూది గుంటను తాకదు. గుంటను తాకే సూది ఇంట్లో వాడదగ్గది కాదు. పార్శిలు అట్టపెట్టె మీద ఈ రెండో వాక్యం రాసి ఉండదు.

చిన్న సూదితో పది రోజులు తిప్పి ఫలితం కనబడక, పెద్ద సూది తెప్పించుకున్నవారిని చూశాము. గట్టిగా ఒత్తితే ఎక్కువ పనిచేస్తుందని అనుకుంటారు. గట్టిగా ఒత్తి లాగితే సూదులు గుచ్చుకోవడానికి బదులు చర్మాన్ని చీలుస్తాయి. రోలరు నడిచిన దారి వెంబడి రైలు పట్టాల మాదిరి చుక్కల వరుసలు మిగిలిపోయిన కేసును మన దేశపు డాక్టర్లు 2012లోనే రాశారు. మచ్చ పోవాలని చేసిన పని కొత్త మచ్చను తెచ్చిందన్నమాట. ఛాతీ మీదో, భుజం మీదో, చెవి కుట్టించుకున్నచోటో గట్టిగా ఉబ్బి పెరిగే మచ్చ ఎప్పుడైనా వచ్చినవారు దీని జోలికే పోకూడదు. మొటిమలు ఇంకా చీముతో ఉన్నప్పుడు తిప్పితే, ఒక మొటిమలోని క్రిములను రోలరు చెంపంతా నాటుతుంది, గొర్రుతో విత్తనం వేసినట్టు.

ఇక శుభ్రత మాట. ఇక్కడ మేము కొంచెం కఠినంగానే మాట్లాడతాము, ఎందుకంటే ఇది మా వృత్తి. "స్పిరిటులో ముంచాము సిస్టరమ్మా", "వేడినీళ్ళలో మరిగించాము", "డెట్టాలు వేశాము" అంటారు. స్పిరిటులో ముంచినంత మాత్రాన సూది స్టెరైల్ కాదు. మరిగే నీటికి చావని క్రిమి బీజాలు ఉంటాయి. ఆసుపత్రిలో ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో, ఒత్తిడిలో, లెక్కపెట్టిన నిమిషాలు ఉంచిన తర్వాతనే సామాను స్టెరైల్ అంటాము. డాక్టర్లు వాడే రోలరు కూడా సీలు విప్పి ఒక మనిషికి వాడి పారేసే వస్తువు. రెండు మూడుసార్లు వాడితే సూది మొనలు వంగి కొక్కెంలా తయారవుతాయి. కంటికి కనబడవు, చర్మానికి తెలుస్తుంది.

ఒక రోలరును అక్కచెల్లెళ్ళు, హాస్టల్లో రూములోని పిల్లలు పంచుకోవడం అన్నిటికంటే ప్రమాదం. దువ్వెన పంచుకున్నంత తేలిక కాదిది. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బ్రతికి ఉంటుంది. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీ పట్టణంలో, లైసెన్సు లేని ఒక బ్యూటీ స్పాలో ముఖానికి రక్తంతో కలిపి సూదుల చికిత్స చేయించుకున్న స్త్రీలకు హెచ్.ఐ.వి. సోకింది. మొదటి కేసు 2018లో బయటపడింది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సి.డి.సి. 2024లో ఆ వివరాలు ప్రచురించింది. వారికి వేరే ఏ కారణమూ లేదు, అందం కోసం కూర్చున్న కుర్చీయే కారణం. అమెరికాలోనే ఇలా జరిగితే, మూలనున్న బ్యూటీపార్లరులో ఒకే రోలరు పది ముఖాల మీద తిరుగుతుంటే ఏమనాలి?

రోలరు తిప్పిన తర్వాత రాసే క్రీముల సంగతి వేరే. మామూలుగా చర్మం ఒక గోడ. సూదులు ఆ గోడకు వందల కిటికీలు తెరుస్తాయి. అప్పుడు నిమ్మరసం, పసుపు, విటమిన్-సి సీరం, ఏది రాసినా తిన్నగా లోపలికి పోతుంది. పైన రాసుకుంటే ఏమీ చేయని వస్తువు లోపలికి పోతే శరీరం దాన్ని శత్రువుగా చూడవచ్చు. ఇలా ముఖమంతా గడ్డలు లేచిన ముగ్గురు స్త్రీల సంగతి 2014లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. మన దగ్గర ఇంకొక పీడ ఉంది. తెల్లబడటానికని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ క్రీములు. అవి మొదట మెరుపు చూపి, తర్వాత చర్మాన్ని పలుచన చేసి, మొటిమలనే పెంచుతాయి. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్-హెచ్ లో చేర్చింది. అయినా అడిగితే దొరుకుతున్నాయి. అటువంటి క్రీముతో పలుచబడిన చర్మం మీద రోలరు తిప్పడమంటే పుండు కోరి తెచ్చుకోవడమే.

ఇంత చెప్పినా, పిల్లలను తిట్టడానికి మాకు మనసొప్పదు. రోలరు కొనిపించేది వారి తెలివితక్కువతనం కాదు. మొన్న ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చి, ఆ పిల్ల ఎదుటనే, "మొగమంతా గుంతలే సిస్టరమ్మా, సంబంధాలోళ్ళు వచ్చి చూసి పోతాండారు గానీ మాట చెప్పల్యా" అంది. ఆ పిల్ల తలెత్తలేదు. ఎవరింటికి పెళ్ళికి పోయినా ఒక అత్తో పిన్నమ్మో గడ్డం పట్టుకొని, "ఏమ్మా, ఇట్లయిపోయినావు, ఏమన్నా పూసుకోరాదా" అంటుంది. ప్రేమతోనే అంటుంది. ఆ మాట విన్న రాత్రే ఫోనులో ఆర్డరు పెడతారు. మశూచి గుంటలున్న ముఖాలతోనే మన పెద్దవాళ్ళు కాపురాలు చేశారని కొందరు ఓదారుస్తారు. నిజమే, మన దేశంలో 1975 వరకు ఆ జబ్బు ఉండేది. కానీ ఇరవై ఏళ్ళ పిల్లకు అది ఓదార్పు కాదు. ముఖం గురించి బాధపడటం పాపమూ కాదు, పనిలేనితనమూ కాదు. మా అభిప్రాయం ఏమంటే, పెళ్ళిచూపుల గదిలో కూర్చునే పెద్దలు నోరు కట్టుకుంటే సగం రోలర్లు అమ్ముడుపోవు.

మిగతా సగానికి కారణం దూరం, డబ్బు. కోడుమూరు నుంచి కర్నూలుకు పోయి, చీటీ రాయించుకొని, వరుసలో నిలబడి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. ఉల్లిగడ్డ పీకే రోజుల్లో ఆ ఒక్క రోజు ఎవరు వదులుకుంటారు? కొన్ని వందల రూపాయల రోలరు దీనికంటే చౌక అనిపిస్తుంది. పైగా "మొటిమలకు కూడా ఆసుపత్రికి వస్తారా" అని వరుసలో వెనుకనున్నవారు నవ్వుతారని పిల్లల భయం. రావాలి. నిజానికి మొటిమలు ఉన్నప్పుడే రావాలి, గుంటలు పడిన తర్వాత కాదు. మొటిమకు చికిత్స సులువు, చౌక. గుంటకు చికిత్స కష్టం, ఖరీదు. గోటితో చిదమకుండా, డాక్టరు చెప్పిన పూతమందు ఓపికగా రెండు మూడు నెలలు వాడితే చాలామందికి గుంటల దాకా పోదు. పెద్ద పెద్ద గడ్డల్లాంటి మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అనే మాత్రలున్నాయి. వాటిని ఎవరి చీటీ చూసో కొనుక్కోకండి. ఆ మాత్రలు వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత నెల వరకూ గర్భం రాకూడదు, బిడ్డకు అవయవలోపాలు వస్తాయి.

గుంటలు ఇప్పటికే ఉంటే, ముందు అవి ఏ రకమో తెలియాలి. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండే గుంటలకు రోలరు డాక్టరు చేతిలో కూడా అంతగా పనిచేయదు, వాటికి వేరే పద్ధతులున్నాయి. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్నవాటికి బాగా పనిచేస్తుంది. నెల, నెలన్నర ఎడంతో మూడు నుంచి ఆరుసార్లు చేయించుకోవాలి. పూర్తిగా నున్నగా అవుతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మవద్దు, తగ్గుతాయి అంతే. కర్నూలు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ముందు అక్కడ చూపించుకోండి. మన ఎండల్లో, ముఖ్యంగా మార్చి నుంచి జూన్ వరకు, పొలం పనికి పోయేవారు ఇటువంటి చికిత్స పెట్టుకోకపోవడమే మేలు. సూదుల తర్వాత ఎండ తగిలితే ముఖం నల్లబడుతుంది.

ఇప్పటికే ఇంట్లో తిప్పుకొని ఉంటే కంగారుపడకండి. మంచినీళ్ళతో మెల్లగా కడిగి, మెత్తని శుభ్రమైన బట్టతో అద్దండి. పౌడరు, ఫెయిర్‌నెస్ క్రీము, నిమ్మరసం ఏదీ రాయవద్దు. రెండు మూడు రోజులు ఎండలోకి పోవద్దు. ఎరుపు రెండు రోజులకు మించినా, చీము, జ్వరం, నీటిపొక్కులు వచ్చినా వెంటనే రండి. రోలరును వేరొకరితో పంచుకొని ఉంటే దాచిపెట్టకుండా చెప్పండి, రక్తపరీక్ష చేయించి మాట బయటకు పోకుండా చూస్తాము. ఆ రోలరును చెత్తకుప్పలో వేయకండి, ఊడ్చే మనిషి చేతికి గుచ్చుకుంటుంది. మందమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి మా డ్రెస్సింగ్ రూములో ఇవ్వండి, మా సిరంజి సూదులతోపాటే వేస్తాము.