అవ్వకు కారు తలుపు తీయడం నేర్పండి

మేడారం జాతర నాలుగు రోజులూ కారే ఇల్లవుతుంది. నార్లాపూర్ దగ్గర, ఊరట్టం దగ్గర వరి కోసిన పొలాల్లో బండ్లు బారులు తీరతాయి. పడక అందులోనే, బట్టలు మార్చుకునేదీ అందులోనే. పసిపిల్లలకు పాలు పట్టడం, ఫోన్ల చార్జింగ్, ముసలివాళ్లకు నీడ, అన్నీ అక్కడే. డిక్కీలో వంటసామాను, సీట్ల మధ్య కాళ్లు కట్టేసిన కోళ్లు. వెనకటికి ఎడ్లబండి కట్టుకొని వచ్చి బండి కింద పడుకున్న జనం ఇప్పుడు బండి లోపల పడుకుంటున్నారు. బండి కింద గాలి ఆడేది. అద్దాలెత్తిన కారులో ఆడదు. నా భయమంతా అక్కడే.

నేను ములుగులో అద్దె కారు నడిపి బతికేవాణ్ని. అద్దాలు చేత్తో తిప్పి దించే జీపుల రోజుల నుంచీ ఈ దారిలో జనాన్ని మొక్కులకు తీసుకెళ్తున్నాను. ఇప్పటి బండికి తాళంచెవి గుచ్చే పని లేదు, బటన్ నొక్కితే ఇంజిన్ స్టార్టవుతుంది. కాస్త వేగం అందుకోగానే లాకులు వాటంతటవే పడతాయి. ఏసీ ఎన్ని డిగ్రీలు ఉండాలో అంకె పెట్టుకోవచ్చు. ఇవన్నీ మంచివే, నాకూ ఇష్టమే. అయితే, ఆ మీటలు తెలిసిన మనిషి స్టీరింగ్ ముందు ఉంటాడనుకొని చేసిన ఏర్పాట్లివి. జాతరలో ముందుగా దిగి వెళ్లిపోయేది ఆ మనిషే. లోపల మిగిలేది అవ్వ, ఆమె ఒళ్లో నిద్రపోతున్న మనవడు.

"అన్నా, మా అవ్వ నడవలేదు. ఏసీ ఏసి కార్లనే కూసోబెడ్తం. గంటల వస్తం." ప్రతి జాతరలో ఈ మాట వింటాను. అనేవాళ్లు కఠినులు కారు. తల్లి కన్ను మూసేలోపు సమ్మక్క గద్దెను చూడాలని అంత దూరం నుంచి తెచ్చినవాళ్లే. కానీ పార్కింగ్ నుంచి జంపన్నవాగుకు నడక, అక్కడ స్నానం, తలనీలాలు, ఆ తర్వాత గద్దెల దగ్గర క్యూ ఉంటాయి. ఆ గంట గంటలో అయిపోగా నేను చూడలేదు. ఆ జనంలో ఫోన్ కలవడం కూడా కష్టం.

ఇంజిన్ నడుస్తుండగా కొడుకు రిమోట్ తాళం జేబులో వేసుకొని వాగుకు వెళ్లాడనుకుందాం. చాలా కార్లలో ఇంజిన్ ఆగదు, తాళం కనిపించడం లేదని ఒక మోత మోగించి ఊరుకుంటుంది. లోపల పిల్లవాడు ఆటగా బటన్ నొక్కితే మాత్రం ఆగిపోతుంది. తాళం దగ్గర లేదు కనుక మళ్లీ స్టార్టవ్వదు. ఏసీ పోయింది. ఇంజిన్ ఆగితే కొద్దిసేపటికి అద్దాల మీటలు కూడా పనిచేయవు. అవ్వ వెనక సీట్లో ఉంది. వెనక తలుపు అంచున, తలుపు తెరిస్తే తప్ప కనిపించని చిన్న మీట ఉంటుంది, చైల్డ్‌లాక్. పిల్లలు దారిలో తలుపు తీయకుండా ఎప్పుడో వేసి మరచిపోయిన మీట అది. అది వేసి ఉంటే లోపలి హ్యాండిల్ ఎన్నిసార్లు గుంజినా తలుపు రాదు. ముందు సీట్లోకి దూకి వచ్చే వయసా ఆమెది?

ఇది నేను ఊహించి భయపెట్టడం కాదు. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు ఆగి ఉన్న కారులోకి ఎక్కి, తలుపులు రాక ఊపిరాడక చనిపోయారు. నెల తిరిగేసరికి విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు పిల్లలు అలాగే పోయారు. ఆ రెండు చోట్లా ఇళ్లు పక్కనే, మనుషులు పక్కనే. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. అద్దం ఒక వేలెడు దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్ల ఒంటికంటే చాలా తొందరగా వేడెక్కుతుంది. ఇక నార్లాపూర్ పొలంలో వేల బండ్ల నడుమ, డప్పుల మోతలో, ఒక కారులోంచి అద్దం మీద కొట్టే చేయి ఎవరికి కనబడాలి?

నా బండిలో ఈ ఏర్పాటుకు నేను ఒప్పుకోను. అవ్వతో ఇంటివాళ్లు ఒకరు ఉండాలి, లేదా నేనుంటాను, అదీ తలుపులు తెరిచి, చెట్టు నీడన. ఇంకో పని కూడా చేస్తాను. బయలుదేరే ముందే వెనక తలుపు చైల్డ్‌లాక్ చూపించి, పెద్దవాళ్ల చేత తలుపు తీయిస్తాను. "అవ్వా, గీ పిడి ఒకసారి గుంజితే లాక్ వస్తది, ఇంకోసారి గుంజితే తలుపు వస్తది. ఏదీ, నువ్వు తియ్యి." కొన్ని కార్లలో ఒక్కసారి గుంజితేనే వస్తుంది, కొన్నింటిలో పక్కనున్న మీట ఎత్తాలి. ఏ బండి ఎక్కితే ఆ బండిది నేర్పాలి. స్టీరింగ్ నడుమ హారన్ కూడా చూపిస్తాను. చాలా బండ్లలో ఇంజిన్ ఆపినా హారన్ మోగుతుంది. నాలుగేళ్ల పిల్లలు కూడా ఇది ఒక్కసారికే నేర్చుకుంటారు. ఫోన్‌లో వీడియో పెట్టుకోవడం వచ్చిన పిల్లలకు తలుపు తీయడం నేర్పకపోవడం మన నిర్లక్ష్యమే.

రాత్రి సంగతి వేరు. జాతర మాఘ శుద్ధ పౌర్ణమి దగ్గర్లో, జనవరి చివరలోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు. పగలు ఎండ చురుక్కుమన్నా, రాత్రి తాడ్వాయి అడవి వణికిస్తుంది. చలికి అద్దాలెత్తి, ఇంజిన్ నడుపుతూ హీటర్ పెట్టుకొని నిద్రపోతారు. ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, మగత మాత్రమే తెలుస్తాయి. రోజంతా నడిచిన మనిషి, పైగా రెండు గుక్కలు తాగిన మనిషి, అది అలసట అనుకుంటాడు. సైలెన్సర్ పైపు పొలం గట్టుకో గడ్డికో ఆనుకొని ఉంటే పొగ బయటికి పోలేక బండి కిందే తిరుగుతుంది. మన బండి ఆపి ఉన్నా పక్క దుకాణం జనరేటర్ చాలు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన నిలిపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడే కారణమని తర్వాత తేలింది.

ఇక ఆ పొలాలు. కింద వరికొయ్యలు, ఎండుగడ్డి. నిలబడి నడుస్తున్న బండి అడుగున క్యాటలిటిక్ కన్వర్టర్ వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది, చల్లార్చే గాలి తగలదు. ఎండుగడ్డి అంటుకోవడానికి అది చాలు. పక్కనే చిన్న గ్యాస్ స్టవ్ మీద కోడికూర ఉడుకుతుంటుంది. పడుకోవాలంటే టార్పాలిన్ కట్టుకొని, దుప్పట్లు తెచ్చుకొని బయట పడుకోండి. కారులోనే పడుకోక తప్పదంటే ఇంజిన్ ఆపి, రెండు వైపులా అద్దాలు కొంచెం దించి పడుకోండి.

ప్రయాణంలోనూ గాలి సంగతి చెప్పాలి. దారిలో పస్రా ఊరు దాటాక దుమ్ము లేస్తుంది. అప్పుడు ఏసీని లోపలి గాలే తిరిగేలా పెట్టుకోవడం సరైనదే, బటన్ మీద కారు బొమ్మలో గుండ్రటి బాణం ఉంటుంది. కానీ ఏడుగురు కూర్చున్న బండిలో గంటలకొద్దీ జామ్‌లో అదే గాలి పీలిస్తే మగత వస్తుంది, డ్రైవర్‌కూ వస్తుంది. పది పదిహేను నిమిషాలకోసారి బయటి గాలికి మార్చాలి.

నిలువెత్తు బంగారం, అంటే తమ బరువుకు సరితూగే మొక్కుబెల్లం, తూచి తెచ్చుకున్నవాళ్లు వెనక సీటు మడిచి బెల్లం మూటలు వేసి, వాటి మీద పిల్లలను కూర్చోబెడతారు. గట్టిగా బ్రేకు కొడితే అరవై కిలోల బెల్లం ఎన్నో రెట్ల బలంతో ముందుకొస్తుంది. అది డిక్కీ అడుగున, సీటు వీపుకు ఆనించి ఉండాలి. కొబ్బరికాయలు సంచిలో మూతి కట్టి ఉండాలి. దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడల్ కింద ఇరుక్కున్న కాయను నేను చేత్తో తీశాను.

ముందు సీటు వెనక్కి వాల్చి కునుకు తీసేవాళ్లకు బెల్టు ఉన్నా లేనట్టే. అది భుజం మీదా, తుంటి ఎముక మీదా ఆనితేనే పట్టుకుంటుంది. వాలి పడుకుంటే ఒళ్లు దాని కిందుగా జారిపోతుంది, పట్టీ మెడకు వస్తుంది. వెనక సీటువాళ్లకు బెల్టెందుకనేవాళ్లు 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్ర పాల్ఘర్ జిల్లాలో కారు ప్రమాదంలో సైరస్ మిస్త్రీ ఎలా పోయాడో గుర్తు చేసుకోవాలి. వెనక కూర్చున్నాడు, బెల్టు లేదు. టాటా సన్స్ చైర్మన్‌గా చేసిన మనిషి, ఖరీదైన బండి. బెల్టు మోత ఆపడానికి బకిల్‌లో గుచ్చే క్లిప్పులు అమ్మవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలను ఆదేశించింది. అవి ఇప్పటికీ ఎవరి బండిలోనైనా కనిపిస్తే తీసి పారేయమని అడుగుతాను, కిరాయి పోయినా సరే.

సమ్మక్క సారలమ్మ తల్లుల ఫొటో డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోని బండి మా దగ్గర లేదు. నా బండిలోనూ ఉంది, నడిమధ్యన. ఎడమ వైపు ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న మూత మీద మాత్రం అతికించకూడదు. అది తెరుచుకునేది రెప్పపాటుకంటే తక్కువ సమయంలో. మీదున్న గట్టి వస్తువు ఏదైనా ఎదుటి మనిషి ముఖానికే వస్తుంది. ఆ సీట్లో పసిబిడ్డను ఒళ్లో పెట్టుకొని కూర్చోవడం, డ్యాష్‌బోర్డు మీద కాళ్లు చాపడం, రెండూ ప్రమాదమే. సన్‌రూఫ్‌లోంచి పిల్లలు లేచి నిలబడటం సంగతి వేరే చెప్పాలా? ఆ అడవి దారిలో కొమ్మలు ఎంత కిందికి వంగి ఉంటాయో నాకు తెలుసు.

సర్కారుకు నా విన్నపం ఒకటుంది. హన్మకొండ వైపు నుంచి మేడారం వెళ్లే బండ్లు చాలామటుకు ములుగు దాటకముందు గట్టమ్మ గుడి దగ్గర ఆగుతాయి. అక్కడ రవాణా శాఖ మనుషులు నలుగురుంటే చాలు, వెనక తలుపుల చైల్డ్‌లాక్ చూసి, పెద్దవాళ్ల చేత, పిల్లల చేత ఒకసారి తలుపు తీయించి పంపవచ్చు. తప్పిపోయినవాళ్ల పేర్లు పిలిచే మైకుల్లోనే, కారులో ఎవరినీ ఒంటరిగా వదలవద్దని గంటకోసారి చెప్పవచ్చు. అన్నిటికంటే ముందు పార్కింగ్ స్థలాల్లో ముసలివాళ్లకు పందిళ్లు, మంచాలు, మంచినీళ్లు, కనిపెట్టుకొని ఉండే ఆశా కార్యకర్తలు కావాలి. కూర్చోవడానికి వేరే చోటు లేకనే కదా అవ్వను కారులో ఉంచుతున్నారు. మోకాళ్లు నొచ్చేవాళ్లను తెచ్చే కుటుంబాలకు ఇంకో మాట. ఆర్టీసీ బస్సు గద్దెలకు దగ్గరగా పోతుంది, మన కార్లను దూరంగానే ఆపేస్తారు. కిరాయి నాకు రాకపోయినా పర్వాలేదు, అవ్వను హన్మకొండలోనో ములుగులోనో బస్సెక్కించండి.