థింసా తర్వాత ఏ రంగం?

అరకు అనగానే వేదిక మీద మనకు కనిపించేది థింసా. చేతులు నడుముల వెనక పెనవేసుకుని ఆడవాళ్లు వలయంగా అడుగులేస్తుంటే సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. వాళ్ల ఇళ్లలోని పేచీలు మాత్రం నాటకంగా చూసింది తక్కువ.

కొండ దిగువ అందుకు ఒక దారి ఉంది. 1945లో పార్వతీపురం ప్రాంతంలో పుట్టిన గణేష్ పాత్రో ‘కొడుకు పుట్టాల’, ‘పావలా’ లాంటి నాటికలతో పేరు తెచ్చుకున్నాకే ‘మరో చరిత్ర’, ‘రుద్రవీణ’లకు మాటలు రాశారు. మగబిడ్డ కావాలన్న యావను వేదికకెక్కించడానికి ఆయనకు రాజుల కోటలు అక్కర్లేకపోయాయి. మామూలు మనుషుల మాట చాలింది.

నాటికకు కావలసింది ఒక ఇల్లు, నలుగురు మనుషులు, తెగని తగవు. మన్యంలో వాటికి కొదవా? కాఫీ తోట ఎవరి పేర ఉండాలి? చదువుకున్న కూతురికి ఓలి అడగడం సబబేనా? విశాఖలో కొలువు చేసే కొడుకు పోడుకు తిరిగొస్తాడా? కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు కలగలిసే ఆ ఇళ్లలో సంభాషణ పుస్తకాల తెలుగులో నడవదు.

ఈ సంచిక నాటకానిది. మన్యం కథను మన్యం వాళ్లే రాయాలి, ఆడాలి. అలాంటి రచన పంపండి; మా పుటల్లో మొదటి చోటు దానికే.