గర్భిణీ పరీక్షలు – గృహస్థుల విధి

తిరువూరు ప్రాంతమున కోడలు నెల తప్పినదని తెలిసినను, మూడవ నెల నిండువరకు పైకి చెప్పని యిండ్లు నేటికిని కలవు. దిష్టి తగులునని భయము. ఆ భయమును పరిహసించుట మా యుద్దేశము కాదు. కాని యిరుగుపొరుగులకు చెప్పకుండుట వేఱు, వైద్యునకు చెప్పకుండుట వేఱు. మొదటి పరీక్ష 12 వారములలోపల జరుగవలయును. ఆ 12 వారములనే మనము మౌనమునకు ధారపోయుచున్నాము.

ఈ పరీక్షలు కష్టసాధ్యములు కావు. రక్తపుపోటు చూతురు. మూత్రమున ఆల్బుమిన్, చక్కెర కలవేమో చూతురు. రక్తము తీసి హిమోగ్లోబినును, రక్తవర్గమును తెలిసికొందురు. నూరు మిల్లీలీటర్ల రక్తమున హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత. 7కు తగ్గినచో ప్రాణాపాయము. ముందుగా కనిపెట్టినచో చాలవఱకు మాత్రలతో, మంచి యాహారముతో చక్కబడును. కాన్పునాడు కనిపెట్టినచో, మైలవరము మీదుగా విజయవాడకు అర్ధరాత్రి పరుగిడు బండిలో గడచు ప్రతి నిమిషమును ఆనాడు చేయింపని పరీక్షకు మనము చెల్లించు వడ్డీయే.

ధనము లేదనుటకు వీలు లేదు. 2011 నాటి జననీ శిశు సురక్షా కార్యక్రమము ననుసరించి ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణికి పరీక్షలు ఉచితములు. 2016లో ప్రతినెల 9వ తేదీని ఇందుకై ప్రత్యేకించిరి.

తొలి కాన్పునకు పుట్టింటికి పంపుట మంచి యాచారమే. కాని చీరెసారెలు బండి కెక్కును. పరీక్షల వివరములు వ్రాసిన కార్డు అత్తింటి బీరువాలో నిలిచిపోవును. తిరువూరు తెలంగాణ సరిహద్దున నున్నది. అత్తిల్లొక రాష్ట్రమున, పుట్టిల్లొక రాష్ట్రమున నుండుట ఇచట వింత కాదు. కార్డు లేనిచో అచటి వైద్యురాలి కేమి తెలియును? తల్లి రక్తము ఆర్.హెచ్. నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయినచో, కాన్పైన 72 గంటలలో తల్లికి సూదిమందు పడవలయును. లేనిచో మఱుసటి బిడ్డకు ముప్పు.

రక్తపరీక్షకు బద్ధకించి, స్కానింగునకు మాత్ర ముబలాటపడి, మగబిడ్డయా యని చెవిలో నడుగువారును కలరు. 1994 నాటి చట్టము దానిని నేరముగా నెంచినది. స్కానింగు బిడ్డ యవయవములను, ఎదుగుదలను చూచుటకు గాని, వంశోద్ధారకుని వెదకుటకు గాదు.

మేము కోరునది స్వల్పము. నెల తప్పగనే పరీక్ష జరుగవలయును. భర్త వెంట పోవలయును. సారెతోబాటు కార్డును పోవలయును. ఇంటి తల్లిని కాపాడుకొనలేని వారికి దేశమాతకు జయము పలుకు నధికార మెక్కడిది?